షాకప్‌లు మార్చాక స్టీరింగ్ వంకరగా ఉందా? అలైన్‌మెంట్ కంటే ముందు చూడాల్సినవి

షాకప్‌లు గానీ, చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌లు గానీ మార్పించి బండి షెడ్డు దాటగానే కొత్త తంటా మొదలవుతుంది. తిన్నగా పోతున్నా స్టీరింగ్ పక్కకి తిరిగి ఉంటుంది. లేదా బండి ఒకవైపు లాగుతుంది. లేదా మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. మూడూ ఒకటే జబ్బు కాదు. వెంటనే అలైన్‌మెంట్‌కి (చక్రాల కోణాలు కొలిచి సరిచేయించడం) పరిగెత్తొద్దు. ఆ మెషీన్ కొలతలు చూపిస్తుంది, అంతే. బిగింపులో తప్పుంటే ఆ తప్పు మీదే టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సెట్ చేసి పంపిస్తారు, వారం తిరక్కుండా కథ మళ్లీ మొదటికొస్తుంది. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకప్, స్ప్రింగ్ కలిసి ఒకే కాడగా ఉండేది), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాల్ని కలిపే దూలం) ఉండే మామూలు హ్యాచ్‌బ్యాక్‌లకి ఇక్కడ చెప్పేదంతా వర్తిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు బుష్ దగ్గర. లోయర్ ఆర్మ్ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికి, బయటి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడు అది బేరింగ్‌లా తిరగదు, మెలిపడుతుంది. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే రబ్బరుకి అదే విశ్రాంతి స్థితి అయిపోతుంది. బండి కిందకి దించాక ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది. ఆ వైపు కాస్త ఎత్తుగా నిలబడుతుంది, రెండు వైపులా సమానంగా లేకపోతే బండి లాగుతుంది, కొత్త బుష్ తొందరగా చిరిగిపోతుంది. హబ్ మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. కుడి ఎడమల తేడా 10 మిల్లీమీటర్లు దాటితే మొదటి అనుమానం దీని మీదే.

సరిచేయడానికి కొత్త సామాను అక్కర్లేదు. ఆర్మ్ బోల్టుల్ని ఒక చుట్టు వదులు చేసి, బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, ముందు భాగాన్ని నాలుగైదుసార్లు నొక్కి వదలండి. రెండడుగులు ముందుకీ వెనక్కీ నెట్టి, అప్పుడు టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకి బిగించండి. పిట్‌గానీ, చక్రాలు మోసే నాలుగు స్తంభాల లిఫ్ట్‌గానీ ఉంటే ఇది తేలిక. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు.

స్టీరింగ్ వెనక్కి రాకపోతే చూపు పైకి, స్ట్రట్ మౌంట్ (స్ట్రట్ పై కొసని బాడీకి పట్టే భాగం) దగ్గరికి వెళ్లాలి. బండి ఆపి ఒకరిని స్టీరింగ్ తిప్పమని, ముందు స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టండి. స్ప్రింగ్ చక్రంతోపాటు నున్నగా తిరగాలి. బిగుసుకుని, ఉన్నట్టుండి ‘టంగ్’మని ఎగిరితే మౌంట్ బేరింగ్ తలకిందులుగా కూర్చుంది, లేదా స్ప్రింగ్ కొస అది కూర్చునే గిన్నెలోని మెట్టుకి ఆనలేదు. స్ట్రట్ మళ్లీ విప్పక తప్పదు.

స్ట్రట్‌ని నకల్‌కి (చక్రం హబ్‌ని మోసే ముక్క) కలిపే రెండు బోల్టుల రంధ్రాల్లో కొద్దిపాటి సందు ఉంటుంది. ఆ సందులోనే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరిగే కోణం) మారిపోతుంది. విప్పేముందు పెయింటుతో గుర్తు పెట్టడం అందుకే. లాగుడు విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఇదీ: క్యాంబర్ పాజిటివ్‌గా (చక్రం పైభాగం బయటికి) ఎక్కువ ఉన్న వైపుకి, క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తక్కువ ఉన్న వైపుకి బండి లాగుతుంది. రెండు వైపుల క్యాంబర్ తేడా అర డిగ్రీ లోపు ఉంటే మంచిది. అయినా లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి (తిరిగే దిశ బాణం గుర్తున్న టైర్లయితే వద్దు). లాగుడు వైపు మారితే దోషం టైరుది, సస్పెన్షన్‌ది కాదు. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకి వాలుగా ఉంటాయి కాబట్టి కాస్త ఎడమకి జారితే కంగారు పడక్కర్లేదు.

ఇక వంకర స్టీరింగ్. టై రాడ్ (స్టీరింగ్ ర్యాక్ అనే పళ్ల కడ్డీ నుంచి చక్రానికి వెళ్లే రాడ్) ఎండ్ మార్చినప్పుడు పాతదాన్ని ఎన్ని చుట్లకి విప్పారో లెక్కపెట్టకపోతే వచ్చే బాధ ఇది. స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి తిన్నగా పెట్టేయడం దొంగ వైద్యం. ర్యాక్ మధ్యలో ఉండదు, ఒకవైపు కటింగ్ (చక్రం తిరిగే మేర) తగ్గిపోతుంది, ఎయిర్‌బ్యాగ్ క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ లోపల చుట్టుకుని ఉండే వైరు పట్టీ) కూడా తెగొచ్చు. టై రాడ్ల దగ్గరే సరిచేయాలి. ర్యాక్ చక్రాల మధ్యరేఖకి వెనక ఉన్న బండిలో, తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ కుడికి తిరిగి ఉంటే ఎడమ రాడ్ పొడవు పెంచి, కుడి రాడ్‌ని అంతే తగ్గించాలి. ఎడమకి తిరిగి ఉంటే దీనికి తలకిందులు. రెండు వైపులా సమానంగా మారిస్తే మొత్తం టో మారదు. పావు చుట్టు చొప్పున కదిపి చూసుకోండి. 1.5 మిల్లీమీటర్ల పిచ్ (మర గీతల మధ్య దూరం) ఉన్న మర మీద ఒక పూర్తి చుట్టు 14 అంగుళాల రిమ్ దగ్గర ఆ చక్రం టోలో సుమారు 4 మిల్లీమీటర్ల తేడా తెస్తుంది. రాడ్ తిప్పేముందు ర్యాక్ బూట్ (రబ్బరు తొడుగు) క్లిప్పు వదులు చెయ్యండి. లేకపోతే బూట్ మెలిపడి చిరుగుతుంది, నీళ్లు ర్యాక్‌లోకి పోతాయి. చివర్లో చెక్ నట్ (రాడ్ తిరగకుండా పట్టే నట్) బిగించడం మరిచిపోతే చేసిందంతా నాలుగు గుంతలకే పోతుంది.

ఇవన్నీ అయ్యాక అలైన్‌మెంట్‌కి వెళ్లండి. ముందు గాలి సరిచూడాలి, స్టీరింగ్‌ని తిన్నగా పెట్టి, అది కదలకుండా పట్టే లాక్ స్టాండు బిగించాలి. వరస క్యాంబర్, ఆ తర్వాతే టో, ఎందుకంటే క్యాంబర్ కదిపితే టో మారుతుంది. ప్రింటవుట్‌లో అంతా పచ్చగా (కొలతలన్నీ హద్దుల్లో) ఉండి స్టీరింగ్ మాత్రం వంకరగా ఉందంటే లాక్ పెట్టకుండానే కొలిచారని అనుమానించండి. ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న బండిలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌కి స్కానర్‌తో సున్నా పెట్టించాల్సి రావచ్చు. డ్యాష్‌బోర్డులో దాని లైటు వెలిగితే మొదట చూడాల్సింది ఇదే.

500 కిలోమీటర్లు తిరిగాక ముందు టైరు మీద అరచేతిని అడ్డంగా రాయండి. బయటి నుంచి లోపలికి నున్నగా, లోపలి నుంచి బయటికి రంపంలా తగిలితే టో-ఇన్ ఎక్కువైంది. అటుదిటైతే టో-అవుట్.