ఇంటర్న్‌షిప్‌కి ‘సరే’ అనే ముందు

ముందు డబ్బు సంగతి. రిజిస్ట్రేషన్ అనీ, ట్రైనింగ్ అనీ, తర్వాత తిరిగిచ్చే డిపాజిట్ అనీ ఏ పేరుతో అడిగినా కట్టొద్దు. మన దగ్గర తీసుకుంటే అది కోర్సు. కోర్సే కావాలంటే అమీర్‌పేటలో దర్జాగా ఫీజు కట్టి చేరొచ్చు, అది వేరే విషయం.

□ కంపెనీ పేరును కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి. ప్రైవేట్ లిమిటెడ్ అని చెప్పుకునేవాళ్లకి అక్షరాలు, అంకెలు కలిపి 21 ఉండే సీఐఎన్ (కంపెనీ గుర్తింపు నంబర్) ఉండాలి. ఉన్నంత మాత్రాన మంచి కంపెనీ అని కాదు. లేకపోతే మాత్రం అక్కడే ఆగిపోండి.

□ పెద్ద కంపెనీ ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి వచ్చిందా? అనుమానించాల్సిందే.

□ అక్కడ ఇంతకుముందు ఇంటర్న్‌గా చేసినవాళ్లను లింక్డ్‌ఇన్‌లో పట్టుకోండి. మీ కాలేజీ సీనియర్ అయితే మరీ మంచిది. "అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చెప్పు" అంటే ఎవరూ పలకరు. "రోజూ ఏం పని ఇచ్చేవారు? స్టైపెండ్ టైముకి పడిందా?" అని రెండే ప్రశ్నలు అడగండి. జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

□ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలి రావొద్దు. డిజీలాకర్ కాపీ పంపండి.

□ బాండ్ ఉంటే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం.

□ ఇన్‌స్టాలో మీ పాత పోస్టులు ఒకసారి తిరగేయండి. ఆఫర్ లెటర్ ఫొటో మాత్రం పెట్టకండి, అందులో మీ అడ్రస్, ఫోన్ నంబర్ ఉంటాయి.

వీడియోలకు లైకులు కొడితే డబ్బులిస్తామని టెలిగ్రామ్‌లో వచ్చేవి ఇంటర్న్‌షిప్‌లే కావు. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే, టెన్షన్ పడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.