ఛాంపియన్ ఈ ఛాలెంజర్‌నే ఎందుకు పెట్టుకున్నాడు? పసిగట్టే పద్ధతి

బాక్సింగ్‌లో టైటిల్ ఫైట్ ప్రకటించగానే అందరూ ఛాలెంజర్ రికార్డు తీసి చూస్తారు. నేను ముందు చూసేది అది కాదు. ఈ ఛాలెంజర్‌ని పెట్టిందెవరు? ఛాంపియన్ తనే ఏరుకున్నాడా, బెల్టు ఇచ్చిన సంస్థ అతని నెత్తిన పెట్టిందా? ఇది తేలితే మిగతా సగం దానంతటదే తేలిపోతుంది.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో పెద్ద బెల్టులు ఇచ్చే సంస్థలు నాలుగు: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ. ప్రతి సంస్థా తన ర్యాంకింగ్ తనే వేసుకుంటుంది. ఛాంపియన్ సాధారణంగా మొదటి పదిహేను మందిలో ఎవరితోనైనా ఆడొచ్చు, దాన్ని వాలంటరీ డిఫెన్స్ అంటారు. కానీ తొమ్మిది నెలలకో ఏడాదికో ఒకసారి సంస్థ చూపించినవాడితో ఆడి తీరాలి. అతనే మ్యాండేటరీ ఛాలెంజర్. ఇద్దరికీ బేరం కుదరకపోతే పర్స్ బిడ్ పెడతారు, ఎక్కువ పాడిన ప్రమోటరుకి ఫైట్ దక్కుతుంది. కాబట్టి వార్తలో 'మ్యాండేటరీ' అన్న మాట ఉందో లేదో ముందు వెతకండి. లేకపోతే అది ఛాంపియన్ ఏరుకున్నదే.

ఇక రెండోది, ప్రకటన వచ్చిన వరస. తేదీ, ఊరు, స్టేడియం ముందే చెప్పేసి ప్రత్యర్థి పేరు తర్వాత చెప్తామన్నారంటే, ఆ రాత్రి అమ్ముడయ్యేది ఛాంపియన్ ఒక్కడే. ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. రాయపురంలో మాది ఫ్లెక్సులు, పోస్టర్లు వేసే షాపు. ఉత్తర చెన్నైలో బాక్సింగ్ పిచ్చి పాతదే కాబట్టి ఏడాదిలో నాలుగైదు పోటీల పోస్టర్లన్నా మా దగ్గరికి వస్తాయి. వచ్చినవాళ్లు తమ కుర్రాడి ఫోటో పెన్‌డ్రైవ్‌లో తెస్తారు: లైటింగ్ పెట్టి తీయించింది, భుజాన బెల్టు, నుదుట నూనె మెరుపు. అవతలి కుర్రాడిది అడిగితే "సాయంత్రం పంపిస్తానన్నా" అంటారు. రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో వస్తుంది, ఏదో గుర్తింపు కార్డు మీదిది. బ్యాక్‌గ్రౌండ్ తీసేస్తుంటే చెవి కూడా కలిసి పోతుంది. చెవి అతికిస్తూ మా ఆపరేటరు అడుగుతాడు, "వీడు గెలుస్తాడంటావా అన్నా?" అని. గెలిపించడానికి పిలిచినవాడి ఫోటో అలా రాదు తమ్ముడూ.

పెద్ద ఫైట్లు జరిగే లాస్ వేగాస్‌లోనూ అంతే, ఫోటోలు మాత్రం బాగుంటాయి. మెక్సికో బాక్సర్ కానెలో అల్వారెజ్ చాలా ఏళ్లుగా మే, సెప్టెంబరు నెలల్లో మెక్సికన్ల పండగ వారాలను తనకి అట్టిపెట్టుకున్నాడు. ముందు తేదీ, తర్వాతే మనిషి.

ఇప్పుడు రికార్డు తీయండి. 30 గెలుపులు, ఒక ఓటమి అనగానే ఎగిరి గంతెయ్యకండి. చివరి ఐదుగురు ప్రత్యర్థులు ఎవరు, ఆఖరిసారి రింగులోకి దిగి ఎన్ని నెలలైంది, ఇంతకుముందు ఏ బరువులో ఆడేవాడు, ఈ మూడూ చాలు. బరువు దగ్గరే మోసం ఎక్కువ. 2016 మేలో డబ్ల్యూబీసీ మిడిల్‌వెయిట్ బెల్టుకి కానెలో తెచ్చుకున్నది బ్రిటిష్ బాక్సర్ అమీర్ ఖాన్‌ని. మిడిల్‌వెయిట్ పరిమితి 160 పౌండ్లు. ఖాన్ అప్పటిదాకా ఆడుతున్నది 147 పౌండ్ల తరగతిలో. ఒప్పందం 155కి కుదిరింది. అయిదు రౌండ్లు చేతివేగంతో నెట్టుకొచ్చాడు, ఆరోదాంట్లో ఒక్క కుడిచేతి దెబ్బకి పడిపోయాడు. ఆ పక్కనే మ్యాండేటరీగా కాచుకుని ఉన్నది గెన్నాదీ గొలొవ్‌కిన్. సంస్థ గడువు పెట్టింది, కానెలో కొద్ది రోజులకే బెల్టు వదిలేశాడు. వాళ్లిద్దరూ రింగులో కలిసింది 2017 సెప్టెంబరులో.

బెల్టు వదిలేసిన ప్రతివాడూ పిరికివాడు కాదు. తేల్చుకోవడానికి నేను వాడే కొలత ఒక్కటే: వదిలేశాక ఎవరితో ఆడాడు? హెవీవెయిట్ ఛాంపియన్ రిడిక్ బోవ్ 1992 డిసెంబరులో లండన్‌లో విలేకరుల ముందు డబ్ల్యూబీసీ బెల్టుని చెత్తబుట్టలో పడేశాడు. అప్పుడు ఎదురుగా ఉన్న మ్యాండేటరీ లెన్నాక్స్ లూయిస్, 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో బోవ్‌ని ఓడించినవాడు. ఆ తర్వాత బోవ్ రెండు డిఫెన్సులు మైకేల్ డోక్స్‌తో, జెస్సీ ఫెర్గూసన్‌తో. ఒకటి మొదటి రౌండులో అయిపోయింది, ఇంకోటి రెండో రౌండులో. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. అదే ఉక్రెయిన్ హెవీవెయిట్ ఒలెక్సాండర్ ఉసిక్ 2024 మేలో టైసన్ ఫ్యూరీని ఓడించి నాలుగు బెల్టులూ తీసుకుని, మరుసటి నెలలోనే ఐబీఎఫ్ బెల్టు వదిలాడు. డిసెంబరులో మళ్లీ ఫ్యూరీతోనే ఆడి గెలిచాడు. తను వదిలిన బెల్టు అందుకున్న డేనియల్ డుబ్వాని 2025 జులైలో వెంబ్లీలో పడగొట్టాడు. దీన్ని పారిపోవడం అనేవాడితో వాదన పెట్టుకోకండి, టైం వేస్ట్.

మ్యాండేటరీ అంటే గొప్ప ఫైట్ అని కూడా అనుకోవద్దు. మ్యాండేటరీగా ఉన్న విలియం స్కల్‌తో ఆడలేదని 2024లో ఐబీఎఫ్ కానెలో బెల్టు లాగేసుకుంది. 2025 మేలో రియాద్‌లో ఇద్దరూ తలపడ్డారు. పన్నెండు రౌండ్లూ స్కల్ తాళ్ల వెంబడి నడుస్తూనే ఉన్నాడు. మా బావమరిది కాఫీ రెండుసార్లు పెట్టించుకున్నాడు. "బావా, కానెలో తప్పించుకున్నదే నయం" అన్నాడు. నిజమే. కొందరు బాక్సర్లని ఛాంపియన్లు తప్పించుకునేది భయంతో కాదు, వాళ్లతో గెలిచినా పేరు రాదు, పోతే మాత్రం అన్నీ పోతాయి. ఎడంచేతి వాటం, పొడవైన చేతులు, టికెట్లు అమ్మని పేరు, ఈ మూడూ ఒకడిలోనే ఉంటే వాడికి ఫోన్ రాదు.

సులువైనవాణ్ణి ఎంచుకోవడం నేరమా? 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడాడు. ఆ రోజు జనంలో నిలబడి చూసిన మా నాన్న అలీని ఒక్క మాట అననిచ్చేవారు కాదు. కానీ అలీ కూడా జార్జ్ ఫోర్‌మన్‌ని కొట్టి బెల్టు గెలిచిన వెంటనే, 1975 మార్చిలో చక్ వెప్నర్‌ని పెట్టుకున్నాడు. తేలిగ్గా అయిపోతుందనుకున్నది పదిహేనో రౌండు చివరి అరనిమిషం దాకా సాగింది. పాతకాలపు హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ 25 డిఫెన్సుల్లో అందరూ కొమ్ములు తిరిగినవాళ్లేమీ కాదు. ఊపిరి తీసుకునే ఫైటు అందరికీ కావాలి. వరసగా రెండైతే సరే, మూడోది కూడా అలాంటిదే అయితే అనుమానించండి.

ఆ సులువు లెక్కలు తప్పే చోటు కూడా గుర్తుపెట్టుకోండి. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ మీద పందెం 42కి 1, పదో రౌండులో మైక్ టైసన్ కింద. 1978లో అలీ ఎంచుకున్న లియాన్ స్పింక్స్‌కి అంతకుముందు ఉన్నది ఏడు ప్రొఫెషనల్ ఫైట్లే, బెల్టు పట్టుకుపోయాడు. ఒకడికి బదులు ఇంకో ఛాలెంజర్ వచ్చినప్పుడు మరీ జాగ్రత్త. 2019లో ఛాంపియన్ ఆంథోనీ జాషువాతో ఆడాల్సిన జారెల్ మిల్లర్ డోపింగ్‌లో దొరికితే నెల ముందు ఆండీ రూయిజ్‌ని తెచ్చారు. పొట్ట చూసి నవ్విన ఫోటోలు నాకూ వచ్చాయి. ఏడో రౌండులో జాషువా అయిపోయాడు. పొట్ట కాదు, చేతులు చూడాలి.

మా ఇంట్లో వాళ్లు అడుగుతుంటారు, మన నిఖత్ జరీన్ కూడా ఇలాగే ఎంచుకుంటుందా అని. ఒలింపిక్స్‌లో ఆ వీల్లేదు, డ్రా తీస్తారు. పారిస్‌లో సీడింగ్ లేక రెండో మ్యాచ్‌లోనే టాప్ సీడ్ చైనా బాక్సర్ వు యూ ఎదురైంది, నిఖత్ 5-0తో ఓడింది.

ఇవన్నీ చూశాక తేల్చుకోవాల్సింది అలారం సంగతి. వేగాస్ ఫైటయితే మెయిన్ ఈవెంట్ మనకి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర దాటాకే, ఇడ్లీ తింటూ చూడొచ్చు. లండన్ అయితే తెల్లవారుజామున మూడు. మ్యాండేటరీ కాదు, ఒక బరువు తరగతి కింద నుంచి వచ్చాడు, ఏడాదిగా ఆడలేదు అని తేలిందా, పడుకోండి, హైలైట్స్ చాలు.