బొమ్మ విమానాల మీద గుర్తులు – 4వ పాఠం: రాత్రి బాగుంది, పొద్దున తెల్లబడింది

ఈసారి తోక మీద మువ్వన్నెల పట్టీ వేయడం చెప్పాలి. చెప్పను. పోయిన పాఠం చూసి మీరు పంపిన ఫోటోల్లో చాలావాటిది ఒకటే కథ: రెక్క మీద అంటించిన నంబరు డెకాల్ (నీళ్ళలో నానబెట్టి అంటించే పల్చటి గుర్తు) చుట్టూ పొగమంచు కమ్మినట్టు తెల్లటి మచ్చ. ఒకరి విమానానికైతే కాక్‌పిట్ అద్దమే కరిగి ముద్దయింది.

ఆ అద్దం పాపం నాదే. కంపెనీ నంబరు చెరపడానికి థిన్నర్ వాడమన్నానే గానీ ఏ థిన్నరో చెప్పలేదు. ఆయన ఇంట్లో ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ తీశారు. అందులో ఎసిటోన్. డై కాస్ట్ (కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసిన) విమానానికి ఒళ్ళు జింక్ లోహమే అయినా అద్దం, యాంటెన్నాలు ప్లాస్టిక్కే కదా. నేను వాడేది ఎనామెల్ థిన్నర్, అదీ చెక్క టూత్‌పిక్ మొనకి అంటినంత. ముందు చక్రాల గూట్లో, ఎవరికీ కనబడని చోట రుద్ది చూడండి. పుల్లకి విమానం రంగు అంటిందా, అక్కడితో ఆపేయండి.

ఇక తెల్లమచ్చ. “కంపెనీవాడు వేసిన గుర్తుకి ఇది రాదేం?” అని ఒకరు అడిగారు. ఎందుకంటే అతను చాలావరకు డెకాల్ అంటించడు, టాంపో కొడతాడు. పలక మీద గుర్తు ఆకారాన్ని వెంట్రుక మందం కూడా లేని లోతున చెక్కుతారు. అందులో సిరా నింపి, పైన మిగిలింది బ్లేడుతో గీకేస్తారు. మెత్తటి సిలికాన్ ముద్ద వచ్చి ఆ పలక మీద ఒత్తుకుంటుంది. రబ్బరు స్టాంపులా దాని మీద ఏమీ చెక్కి ఉండదు, ఉత్త నున్నటి ముద్ద. గాలికి కాస్త జిగురెక్కిన సిరాని అది ఎత్తుకెళ్ళి విమానం మీద ఒత్తుతుంది. ముద్ద మెత్తన కాబట్టి గుండ్రటి ఒంటి మీద కూడా చక్కగా సర్దుకుంటుంది. అక్షరం ఎక్కడ ఆగితే సిరా అక్కడే ఆగిపోతుంది, చుట్టూ పొర ఉండదు.

ఒక దెబ్బకి ఒకటే రంగు. మన వాయుసేన చక్రం బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. బూడిద రంగు ఒంటి మీద నేరుగా కాషాయం కొడితే మురికిగా తేలుతుంది. అందుకని ముందు తెల్లటి బిళ్ళ, దాని మీద మిగతా రెండూ. ఏ దెబ్బ కాస్త పక్కకి జరిగినా ఒక పక్క తెలుపు నెలవంకలా బయటపడుతుంది. 0.2 మిల్లీమీటర్ల జరుగుడు 1:72 బొమ్మ (అసలు విమానంలో 72వ వంతు) మీద అసలు విమానం లెక్కలో ఒకటిన్నర సెంటీమీటరు లోపే, నేను పట్టించుకోను. అదే 1:400లో 8 సెంటీమీటర్లు! పాత ఎయిరిండియా 747 ఈ స్కేలులో 17.7 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని కిటికీల చుట్టూ ఎర్రటి ఝరోకా తోరణాలు చూశారా, అవి అంత జరిగితే వరస మొత్తం మెల్లకన్నేసినట్టుంటుంది. కొనేముందు నేను చూసేది అదొక్కటే.

మనం అంటించే నీళ్ళ డెకాల్‌కి మాత్రం అక్షరం చుట్టూ పారదర్శకమైన పొర ఉంటుంది. తెల్లబడేది ఆ పొర కాదు, దాని కింద చిక్కిన గాలి. ఈ ముక్క మూడో పాఠంలో రాశాను, అయినా నలుగురు “నాసిరకం డెకాల్ అండీ” అంటూ షీటు మార్చి మళ్ళీ అదే చేశారు. బాత్రూం తలుపుకుండే గరుకు అద్దం మీద నీళ్ళు చల్లండి. తడిసినంత మేర అవతల కనిపిస్తుంది, ఆరగానే మళ్ళీ తెల్లబడుతుంది. గరుకు గుంటల్లో నీళ్ళున్నంతసేపు వెలుగు దారి తప్పదు. నీళ్ళు పోయి గాలి దూరితే చెదిరిపోతుంది. యుద్ధవిమానాల మ్యాట్ (మెరుపు లేని) రంగు కూడా ఆ అద్దం లాంటిదే. రాత్రి అంటించినప్పుడు పొర కింద నీళ్ళున్నాయి కాబట్టి మురిసిపోయి పడుకున్నారు. తెల్లారేసరికి నీళ్ళు ఆరాయి, గుంటల్లో గాలి మిగిలింది. ఏ షీటు తెచ్చినా ఇంతే. డెకాల్ వేసే చోట ముందు గ్లాసీ క్లియర్ పూత (మెరిసే పారదర్శక వార్నిష్) వేసి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు అంటించండి. గుంటలు పూడితే గాలికి చోటుండదు. చివర్లో మ్యాట్ క్లియర్ కొడితే మెరుపు పోతుంది. ప్రయాణికుల విమానాలు పుట్టుకతోనే నున్నన, వాటికి ఈ గొడవ లేదు.

ఇప్పటికే తెల్లబడ్డదాన్ని పీకకండి. సన్న సూదితో మచ్చ మీద నాలుగైదు పోట్లు పొడిచి, మైక్రో సోల్ (డెకాల్ పొరని మెత్తబరిచే ద్రవం) ఒక్క చుక్క వేసి వదిలేయండి. పొర మెత్తబడి ముడతలు పడుతుంది, కంగారుపడి వేలు పెట్టకండి, ఆరేకొద్దీ అదే సాగి అతుక్కుంటుంది. ఇంకా మిగిలితే మర్నాడు మళ్ళీ. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వను.

అన్నట్టు, బోరు నీళ్ళలో డెకాల్ నానబెట్టేవాళ్ళకి ఇంకో తెలుపు వస్తుంది, ఉప్పు మరక. తడిగుడ్డతో పోతే అది ఉప్పే. నేను ఆర్‌వో నీళ్ళే వాడతాను.

అభ్యాసం: విమానం జోలికి పోవద్దు. ఆరు ప్లాస్టిక్ స్పూన్లు తీసుకుని అన్నిటికీ వీపున మ్యాట్ రంగు వేయండి. మూడింటికి దానిపైన గ్లాసీ క్లియర్. పనికిరాని డెకాల్ ముక్కలు ఆరింటికీ అంటించి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున కిటికీ దగ్గర ఏటవాలు వెలుగులో ఫోటో తీయండి. తర్వాత మీ బీరువాలో ఉన్న ప్రతి విమానాన్నీ భూతద్దం కింద పెట్టి, A, O, 8 లాంటి వాటి కడుపులో చూడండి. అక్కడి మెరుపు బయటి మెరుపులాగే ఉంటే టాంపో, తేడాగా ఉంటే డెకాల్. ఒక్కోదాని పక్కన రాసుకోండి. గోరుతో గీకి చూడొద్దని మళ్ళీ చెప్పించుకోకండి.

స్పూన్లు పారేయకండి. తోక పట్టీ ముందు వాటి మీదే వేయిస్తాను.