నిన్నటి పనిని ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పడం ఎలా?

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల పీజీల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగువారికి ఉదయం స్టాండప్ మీటింగులో, అంటే పని ఎంతవరకు వచ్చిందో జట్టుకు చెప్పే చిన్న సమావేశంలో, ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘నిన్న ఏం చేశారు?’ అన్నదే కాబట్టి, జవాబంతా భూతకాలంలోనే నడవాలి. చివర ‘ఈడీ’ చేరిస్తే సరిపోయే వర్క్, టెస్ట్, ఫిక్స్ వంటి క్రియలతో చిక్కు లేదు. ఆ సూత్రానికి లొంగని ఇర్రెగ్యులర్ వెర్బుల దగ్గరే నాలుక తడబడుతుంది.

ముందుగా, అక్షరక్రమంలో ఉన్న పట్టికను బట్టీ పట్టడం మానేయండి. వాడుకలో ఉన్నవి దాదాపు 200 అయినా, బీ, హ్యావ్, డూ, సే, గో, గెట్, మేక్, టేక్, సీ, కమ్ అనే పది వస్తే రోజువారీ మాటల్లో చాలా భాగం గట్టెక్కుతుంది.

తరువాత మిగిలినవాటిని వినికిడిని బట్టి గుంపులు చేసుకోండి. కట్, పుట్, సెట్, షట్ మారవు. సెండ్ సెంట్ అయినట్టే స్పెండ్ స్పెంట్ అవుతుంది, బిల్డ్ బిల్ట్ అవుతుంది. బిగిన్–బిగాన్–బిగన్ వరుసలోనే రింగ్, సింగ్, డ్రింక్ నడుస్తాయి. రీడ్ మాత్రం రాతలో మారకుండా పలుకులో ‘రెడ్’ అవుతుంది. గో నుంచి వెంట్ ఎలా వచ్చిందని తల పట్టుకోనక్కరలేదు. అది వెండ్ అనే మరో పాత క్రియ రూపం, కాలక్రమంలో గోకు అతుక్కుంది.

మూడో మెట్టు అన్నిటికంటే ముఖ్యం. ‘డిడ్’ వచ్చిన చోట అసలు క్రియ మొదటి రూపంలోనే ఉండాలి. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ తప్పు, ‘ఐ డిడ్ నాట్ గో’ ఒప్పు. దీనికి మన భాషే సాక్ష్యం: ‘వెళ్ళాను’లో కాలం క్రియలోనే ఉంది, ‘వెళ్ళలేదు’లో ఆ భారమంతా ‘లేదు’ మోస్తుంది. ‘వెళ్ళానులేదు’ అని ఎవరూ అనరు. ‘డిడ్ నాట్ వెంట్’ అచ్చం అలాంటి మాటే. అయితే ప్రశ్న దగ్గర ఈ పోలిక తెగిపోతుంది. ‘వెళ్ళావా?’ అన్నప్పుడు మనం భూతకాలాన్ని క్రియలోనే ఉంచుతాం కనుక, ‘డిడ్ యూ వెంట్?’ అనేది చదువుకున్నవారి నోట కూడా దొర్లిపోతుంది. అక్కడ ‘డిడ్ యూ గో?’ అన్నదాన్ని విడిగా సాధన చేయాలి.

నాలుగోది, ‘హ్యావ్’ పక్కన మూడో రూపం రావాలి: ‘హ్యావ్ రోట్’ కాదు, ‘హ్యావ్ రిటెన్’. తెలుగులో ‘మెయిల్ పంపాను’ అనే ఒక్క మాట ‘ఐ సెంట్’, ‘ఐ హ్యావ్ సెంట్’ అనే రెండు చోట్లా చెల్లుతుంది. ఇంగ్లీషులో ‘నిన్న’ అని సమయం చెప్పగానే హ్యావ్ తప్పుకోవాలి. ‘ఐ హ్యావ్ సెంట్ ఇట్ యెస్టర్‌డే’ అనకుండా ‘ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే’ అనండి.

సాధనకు మెజెస్టిక్ నుంచి వైట్‌ఫీల్డ్ వరకు పర్పుల్ లైన్ మెట్రో ప్రయాణం చాలు. నిన్న చేసిన ఐదు పనులను ఐదు వాక్యాలుగా రాసి, ప్రతిదాన్నీ ఒకసారి వ్యతిరేకార్థంలోకి, ఒకసారి ప్రశ్నలోకి మార్చండి: ‘ఐ టుక్ ద మెట్రో’, ‘ఐ డిడ్ నాట్ టేక్ ద మెట్రో’, ‘డిడ్ యూ టేక్ ద మెట్రో?’. పెదవి కదిపి చదవండి, ఎందుకంటే మీటింగులో తప్పు దొర్లేది చేతితో కాదు. అప్పుడప్పుడు లై, లే అనే జంటను కూడా చేర్చుకోండి. పడుకోవడానికి లై–లే–లెయిన్, దేన్నయినా పెట్టడానికి లే–లెయిడ్–లెయిడ్. ‘నిన్న మధ్యాహ్నం కాసేపు పడుకున్నాను’ అనడానికి ‘ఐ లే డౌన్’ అన్నదే సరైన రూపం, చెవికి వర్తమానంలా వినిపించినా సరే.