ఎర్రర్ ఎక్కడ పుట్టినా ఒకే రూపంలో బయటికి రావాలి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి లాట్లు ఎక్కించే వెబ్ యాప్ రాసిచ్చాను. మంచి సీజన్‌లో ఒక సాయంత్రం గుమస్తాగారు ఫోన్ చేసి, "బాబూ, 42 టిక్కీలు (మిర్చి బస్తాలు) కొడితే ఏదో తప్పు జరిగింది అంది, మళ్లీ నొక్కాను, ఇప్పుడు రైతు లెక్కలో 84 ఉన్నాయి" అన్నారు. ఎంట్రీ మొదటిసారే పడింది, ఆ తర్వాత రైతుకి మెసేజ్ పంపే దగ్గర ఫెయిలైంది. ఆయన తప్పు ఇసుమంత కూడా లేదు.

కోడ్ తీస్తే రూట్‌కో పద్ధతి, అంటే ఒక్కో అడ్రస్‌కి జవాబిచ్చే కోడ్ ఎర్రర్‌ని ఒక్కో రకంగా చెబుతోంది. ఒకచోట స్టేటస్ 200 (అంతా బాగుంది అని) ఇచ్చి లోపల ఫెయిల్ అని రాశాను, ఇంకోచోట ఉత్త వాక్యం, మరోచోట హెచ్‌టీఎమ్ఎల్ పేజీ.

కాబట్టి ముందు రూపం ఖాయం చేసుకోండి. కొత్తగా కనిపెట్టక్కర్లేదు, ఎర్రర్ జవాబు ఎలా ఉండాలో చెప్పే ఇంటర్నెట్ ప్రమాణం, 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9457 ఉంది: టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టన్స్ అని ఐదు ఫీల్డులు, మనవి కూడా కలుపుకోవచ్చు. నేను రిక్వెస్ట్ ఐడీ, అంటే ప్రతి రిక్వెస్ట్‌కి విడిగా ఇచ్చే గుర్తు, కలుపుతాను. స్టేటస్ కోడ్ నిజం చెప్పాలి: లాగిన్ లేకపోతే 401, లాగిన్ ఉన్నా అనుమతి లేకపోతే 403, మన సర్వర్ పడితే 500.

తర్వాత, రూట్లలో జవాబు రాయడం మానేసి ఎర్రర్‌ని త్రో చేయండి, పట్టుకునేది ఒక్కచోటే ఉండాలి. నోడ్ జేఎస్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్‌లో అయితే నాలుగు ఆర్గ్యుమెంట్ల మిడిల్‌వేర్ (రిక్వెస్ట్ దారిలో మధ్యలో నడిచే ఫంక్షన్), అదీ రూట్లన్నిటి తర్వాత. వెర్షన్ 4లో అసింక్ ఫంక్షన్‌లో వచ్చిన ఎర్రర్ దానంతటది అక్కడికి చేరదు, మనమే నెక్స్ట్ ఫంక్షన్‌కి అందించాలి. 5లో ఆ బాధ లేదు. స్టాక్ ట్రేస్ (కోడ్‌లో ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చూపే జాబితా) లాగ్‌లోకే వెళ్లాలి, స్క్రీన్ మీదికి ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు.

ఫ్రంటెండ్‌లో చాలామంది దెబ్బతినేది ఫెచ్ (బ్రౌజర్ నుంచి సర్వర్‌ని అడిగే ఫంక్షన్) దగ్గర. 404 వచ్చినా 500 వచ్చినా అది క్యాచ్‌లోకి పోదు, రెస్పాన్స్‌లో ఓకే ఉందో లేదో మనమే చూడాలి. క్యాచ్‌లోకి వచ్చేది ముఖ్యంగా నెట్ తెగినప్పుడు, అప్పుడు ఎంట్రీ పడిందో లేదో మనకే తెలియదు గనక "పడలేదు" అని మాత్రం రాయకండి. "పడిందో లేదో తెలియలేదు, లిస్టులో ఒకసారి చూడండి" అనండి.

డబుల్ ఎంట్రీకి అసలు మందు వేరే: ఫారం తెరిచినప్పుడే ఒక కీ పుట్టించి ఎంట్రీతో పాటు పంపడం, అదే కీ రెండుసార్లు పడకుండా డేటాబేస్‌లో దానికి యూనిక్ పెట్టడం, అదే కీ మళ్లీ వస్తే పాత జవాబే తిరిగి ఇవ్వడం. రైతుకి వెళ్లే మెసేజ్‌ని క్యూలోకి (తర్వాత విడిగా జరిగే పనుల వరుసలోకి) మార్చేశాను, అది ఫెయిలైనా ఎంట్రీకి సంబంధం లేదు.

ఇప్పుడు ఎర్రర్ కింద రిక్వెస్ట్ ఐడీ చివరి ఆరు అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. గుమస్తాగారు ఫోన్‌లో అవి చదువుతారు, ఆయన లైన్‌లో ఉండగానే నేను లాగ్‌లో వెతికి ఏమైందో చెబుతాను.