పాత పికప్‌తో పడవ లాగాలంటే
జమ్మలమడుగు నుంచి మైలవరం జలాశయం దగ్గరే కదా అని పడవ కట్టేసి బయల్దేరకండి. ముందు ట్రైలర్‌ను పికప్‌కు తగిలించే కొక్కెం మీద పడే బరువు తూయండి. పడవ, ట్రైలర్ కలిపి 500 కిలోలుంటే అక్కడ 50 ఉండాలి. తగ్గితే ట్రైలర్ తోక ఊపుతుంది. పడవను కాస్త ముందుకు జరపండి. మరీ ఎక్కువైతే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. ట్రైలర్ గొలుసులు రెండూ కొక్కెం కింద అడ్డంగా మార్చి తగిలించండి.

మన ఎండకు ట్రైలర్ చక్రాల నడుమ ఉండే హబ్బులు కాలిపోతుంటాయి. అలాగే నీళ్లలో దింపితే లోపలి గాలి కుంచించుకుని నీటిని పీల్చేస్తుంది. గ్రీజు మజ్జిగలా తెల్లబడిందంటే బేరింగ్ పోయినట్టే. హబ్బు మీద చెయ్యి ఆనించగలిగేదాకా ఆగండి. నీళ్లలో దింపే ముందు ట్రైలర్ లైట్ల ప్లగ్గూ పీకేయండి.

దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలే పిసినారితనం ఇక్కడొద్దు, రెండో గేరులోనే దించండి. ఒడ్డున ఆపాక పికప్ వెనక చక్రాల కింద రాళ్లు పెట్టాలి. పాత హ్యాండ్‌బ్రేకు తడి ఏటవాలులో ఆగదు.