క్రొమటోగ్రఫీ నేర్చుకుందాం, 5వ భాగం: కాలమ్ పొడవు పెంచితే ఎంత లాభం?

ముందు పోయిన భాగంలో ఇచ్చిన లెక్క చూద్దాం: ఈ కాలమ్‌కు ప్లేట్లు ఎన్ని? కాలమ్ అంటే సన్నని పొడి నింపిన గొట్టం, మిశ్రమంలోని పదార్థాలు ఇందులో విడిపోతాయి. అది ఎంత బాగా విడదీస్తుందో చెప్పే కొలతే ప్లేట్ల సంఖ్య. 250 మి.మీ. కాలమ్‌లో పీక్ (పదార్థం బయటికి వచ్చేటప్పుడు గ్రాఫ్‌లో లేచే శిఖరం) 10 నిమిషాలకు వచ్చింది, అడుగున వెడల్పు 0.4 నిమిషం. 10ని 0.4తో భాగిస్తే 25. దాని వర్గం 625. 16తో గుణిస్తే 10,000 ప్లేట్లు. వర్గం చేయడం మరిచిపోతే 400 వస్తుంది, జాగ్రత్త.

అదే ప్యాకింగ్‌తో, అంటే లోపల అదే పొడితో, 150 మి.మీ. కాలమ్ పెడితే ప్లేట్లు 6,000. పొడవు ఎంత తగ్గితే ప్లేట్లూ అంత తగ్గుతాయి. రిజల్యూషన్ (రెండు పీక్‌లు ఎంత బాగా విడిపోయాయో చెప్పే అంకె) మాత్రం అంత తగ్గదు, ప్లేట్ల వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. ఎందుకో అర్థమైతే ఫార్ములా బట్టీ పట్టే పని లేదు.

మేడారం జాతరకు రెండు ఊళ్ల ఎడ్లబండ్లు ఒకేసారి బయలుదేరాయనుకోండి. ఒక ఊరి ఎడ్లు కాస్త చురుకు. దారి సాగేకొద్దీ రెండు గుంపుల మధ్య ఎడం పెరుగుతుంది. కానీ గుంపులో ఒక బండి నీళ్ల దగ్గర ఆగుతుంది, ఇంకోటి ముందుకు పోతుంది, అట్లా ప్రతి వరుసా సాగుతుంది. కాలమ్‌లో అణువులూ ఇంతే. దూరం నాలుగింతలైతే ఎడం నాలుగింతలవుతుంది, వరుస రెండింతలు సాగుతుంది. చివరికి మనకు దక్కే వేర్పాటు రెండింతలే.

ఇప్పుడు మన మిర్చి తీసుకుందాం. ఎనుమాముల మార్కెట్ మిర్చి ఘాటు కొలవడానికి సి18 అనే రకం పొడి ఉన్న కాలమ్, డిటెక్టర్‌లో 280 నానోమీటర్ల కాంతి పెడతాం. ఘాటునిచ్చే పదార్థాల్లో మొదట నార్‌డైహైడ్రోక్యాప్సైసిన్, దాన్ని ఆనుకునే క్యాప్సైసిన్, తర్వాత డైహైడ్రోక్యాప్సైసిన్ వస్తాయి. చిక్కంతా మొదటి రెండింటితోనే. చిన్న పీక్ పెద్దదాని భుజం మీద కూర్చున్నట్టు ఉంటుంది, మధ్య లోయ బేస్‌లైన్‌ను తాకదు.

లెక్క కోసం, 150 మి.మీ. కాలమ్ మీద ఈ జంట రిజల్యూషన్ 1.2, రన్ టైమ్ 9 నిమిషాలు, ప్రెషర్ 90 బార్ అనుకుందాం. మనకు కనీసం 1.5 కావాలి. ఫ్లో మార్చకుండా 250 మి.మీ. పెడితే పొడవు 1.67 రెట్లు, దాని వర్గమూలం 1.29. అంటే రిజల్యూషన్ 1.55కు చేరుతుంది. గండం గడిచింది. కానీ రన్ 15 నిమిషాలైంది, ప్రెషర్ 150 బార్ అయింది. 40 ఇంజెక్షన్లుంటే నాలుగు గంటలు అదనం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ లెక్క వేసుకోకుండా పొడవు కాలమ్ బిగించి, సాయంత్రానికి ఇవ్వాల్సిన రిజల్ట్ అర్ధరాత్రి ఇచ్చాను. ఆ టెన్షన్ మీకొద్దు.

అందుకే పొడవు జోలికి చివర్లో వెళ్లండి. ముందు మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రావకం) మార్చి చూడండి, రెండు పీక్‌లూ వాటంతట అవే దూరం జరగవచ్చు. లేదంటే 5 మైక్రాన్ల రేణువులున్న 250 మి.మీ.కు బదులు 3 మైక్రాన్ల రేణువులున్న 150 మి.మీ. కాలమ్ పెట్టండి. ప్లేట్లు దాదాపు అన్నే వస్తాయి, టైమ్ తగ్గుతుంది. ప్రెషర్ మాత్రం సుమారు 1.67 రెట్లవుతుంది, మీ పంపు తట్టుకుంటుందో లేదో చూసుకోండి. ఈ లెక్కలన్నీ ఐసోక్రాటిక్ రన్‌కే, అంటే మొబైల్ ఫేజ్ పాళ్లు మొదటినుంచి చివరిదాకా మారని రన్‌కే. పాళ్లు మారుస్తూ పోయే గ్రేడియంట్ సంగతి వేరు, దానికి విడిగా ఒక భాగం ఉంది.

ఈసారి లెక్క: 250 మి.మీ. కాలమ్ మీద క్యాప్సైసిన్, డైహైడ్రోక్యాప్సైసిన్‌ల మధ్య రిజల్యూషన్ 4.0, రన్ 15 నిమిషాలు, ఫ్లో నిమిషానికి 1 మి.లీ. అదే ప్యాకింగ్‌తో 100 మి.మీ. పెడితే రిజల్యూషన్ ఎంత? ఒక్కో ఇంజెక్షన్‌కు ఎన్ని మి.లీ. మొబైల్ ఫేజ్ మిగులుతుంది?